పద్దెనిమిదో రోజున ఆగిపోయాను, మళ్ళీ ఎక్కడ పట్టుకోవాలి?

మళ్ళీమొదలు | జనవరి 24, రాత్రి 10.40

జనవరి 1న మూడు నియమాలు పెట్టుకున్నాను. పొద్దున్నే ఆరింటికి లేచి 45 నిమిషాలు నడవడం, రాత్రి పదిన్నరకల్లా పడుకోవడం, పడగ్గదిలోకి ఫోన్ తీసుకెళ్ళకపోవడం. పదిహేడు రోజులు ఒక్కటీ తప్పలేదు. గోడమీది క్యాలెండర్లో రోజూ ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకున్నాను. 17వ తేదీ రాత్రి బాబుకి జ్వరం. తెల్లవార్లూ వాడి పక్కనే కూర్చున్నాను. 18న నడక పోయింది. అదేం పెద్ద విషయం కాదని నాకూ తెలుసు. కానీ 19నా వెళ్ళలేదు, 20నా వెళ్ళలేదు. ఇవాళ్టికి ఏడు రోజులు.

షూస్ గుమ్మం పక్కనే ఉన్నాయి. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు వాటివైపు చూడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోతున్నాను. టిక్కుల తర్వాత ఖాళీ గళ్ళు చూడలేక క్యాలెండర్ని గోడవైపు తిప్పి పెట్టాను. మూడేళ్ళలో ఇది నాలుగోసారి.

నిజానికి నన్ను బాధపెడుతున్నది నడక ఒక్కటే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. మొన్న మా టీమ్ చేసిన పని గురించి పైవాళ్ళ ముందు మాట్లాడమని మేనేజర్ అడిగితే వద్దన్నాను. ఆ పని మొదటినుంచీ చూసింది నేనే. కానీ ఆయన అడగ్గానే లోపల ఒక మాట వినిపించింది: నీకు నువ్వు ఇచ్చుకున్న మాటే నిలబెట్టుకోలేవు, నీకెందుకు ఇవన్నీ అని. అలవాటు నిలబడాలంటే ముందు ఆత్మవిశ్వాసం ఉండాలా, ఆత్మవిశ్వాసం రావాలంటే ముందు అలవాటు నిలబడాలా? ఏ కొస పట్టుకోవాలో తెలియడం లేదు.

మెట్లదారి | జనవరి 24, రాత్రి 11.05

18న ఎందుకు వెళ్ళలేదో అర్థమైంది. 19న ఎందుకు వెళ్ళలేదు? అలారం మోగినప్పటి నుంచి ఏం జరిగిందో గుర్తున్నంత వరకు రాయండి.

మళ్ళీమొదలు | జనవరి 25, ఉదయం 5.50

రాత్రంతా దీని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. 19న అలారం మోగింది, లేచాను. బాబుకి జ్వరం తగ్గింది, ఒళ్ళు చల్లగా ఉంది, నిద్రపోతున్నాడు. కుడికాలి షూ వేసుకుని లేసు కట్టుకున్నాను. ఎడమది చేతిలోకి తీసుకున్నాను. అప్పుడనిపించింది, వరుస ఎలాగూ తెగిపోయింది కదా, ఇక ఫిబ్రవరి 1 నుంచి శుభ్రంగా మొదలుపెడదాం అని. ఆ మాట అనుకోగానే మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. కట్టిన లేసు విప్పేసి వెళ్ళి పడుకున్నాను.

ఇలా రాస్తుంటే ఇప్పుడు తెలుస్తోంది. నన్ను ముంచింది 18 కాదు. 19న వచ్చిన ఆ తేలిక.

పాతలెక్కలు | జనవరి 25, ఉదయం 9.20

అమ్మా, నువ్వు రెండోసారి రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. నేను 34 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. పెద్దవాణ్ణి కనుక చనువుగా నువ్వు అంటున్నాను, ఏమనుకోకు.

ఆరంభశూరత్వం అని ఒక మాట ఉంది మనకి. నాకు ఆ మాట మీద చాలాకాలంగా కోపం. అది విన్నవాడికి తప్పంతా తన పుట్టుకలోనే ఉందనిపిస్తుంది. ఇక తలొంచుకోవడం తప్ప చేసేదేమీ మిగలదు. తరగతిలో నేను చూసింది వేరు. లెక్క మధ్యలో తప్పు పోతే కొందరు పిల్లలు పేజీ మొత్తం చింపేసి, కొత్త పేజీలో మార్జిన్ గీసి, లెక్క నంబరు వేసి మళ్ళీ మొదటినుంచి రాసేవారు. కొందరు తప్పు పోయిన వరుస మీద ఒక గీత కొట్టి, కింద వరుస నుంచి సాగించేవారు. పేజీలు చింపేవాళ్ళ పుస్తకం చూడముచ్చటగా ఉండేది, కానీ సంవత్సరం చివరికి సగం పల్చనైపోయేది. గీత కొట్టినవాళ్ళు ఎక్కడ తప్పారో వాళ్ళ పుస్తకంలోనే ఉండేది, పరీక్ష ముందు ఆ గీతలే చదువుకునేవారు. ఫిబ్రవరి 1 నుంచి శుభ్రంగా అన్నావు చూడు, అది పేజీ చింపడమే.

ఇంకొకటి. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు కదా, ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి పట్టుబట్టి వెతికాను. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట. ఆపరేషన్ అయ్యాక మనిషి తన కొత్త ముఖానికి అలవాటు పడాలంటే కనీసం 21 రోజులు పడుతోందని ఆయన తన దగ్గరికి వచ్చినవాళ్ళలో గమనించాడు. చేతులు మారుతూ వచ్చేసరికి 'కనీసం' రాలిపోయింది, ముఖం పోయి ప్రతి అలవాటూ వచ్చి చేరింది. నువ్వు పదిహేడు రోజులకే గమ్యం దగ్గరికి వచ్చేశానని అనుకొని ఉంటావు. అందుకే తెగినప్పుడు అంత దెబ్బ తగిలింది.

మనుషుల్ని నిజంగా గమనించి లెక్క తీసినవాళ్ళు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 2010లో అచ్చయింది. 96 మంది తలా ఒక కొత్త అలవాటు ఎంచుకుని 12 వారాలు రోజూ నమోదు చేశారు. ఆలోచించకుండా దానంతటది జరిగిపోయే స్థాయికి రావడానికి పట్టిన రోజుల మధ్యగతం, అంటే అందరివీ వరుసగా పేరిస్తే నడిమిన వచ్చే సంఖ్య, 66. అందరికన్నా త్వరగా వచ్చినవారికి 18 రోజులు, ఆలస్యమైనవారికి 254. ఆ 254 అనేది, అలవాటు ఎంత బలపడిందో చూపే రేఖ 12 వారాల తర్వాత ఎలా సాగుతుందో చూసి వేసిన అంచనా. నీళ్ళు తాగడంలాంటివి తొందరగా పట్టుబడ్డాయి, వ్యాయామానికి ఎక్కువ రోజులు పట్టింది.

నీకు కావలసింది ఇంకా చెప్పలేదు. మధ్యలో ఒకరోజు తప్పినా ఆ రేఖ కిందికి జారిపోలేదు. మరుసటి రోజు దాదాపు అదే ఎత్తు నుంచి మళ్ళీ సాగింది. నీ పదిహేడు టిక్కులు ఎక్కడికీ పోలేదమ్మా. క్యాలెండర్ ఇటు తిప్పు.

సూటిగా | జనవరి 25, మధ్యాహ్నం 1.15

మాస్టారి మాట మీద గౌరవం ఉంది. కానీ ఒకరోజు తప్పినా పరవాలేదు అని చెబితే మనిషి ఆ పరవాలేదునే పట్టుకుంటాడు. ఒకరోజు రెండవుతుంది, రెండు ఏడవుతాయి. ఇక్కడ జరిగింది అదే. నా అనుభవంలో నన్ను నేను గట్టిగా తిట్టుకున్నప్పుడే పని జరిగింది. అలసట అందరికీ ఉంటుంది, పిల్లలకి జ్వరం అందరిళ్ళలో వస్తుంది. క్రమశిక్షణ లేకపోతే ఎన్ని పరిశోధనలు చదివినా షూస్ గుమ్మం దగ్గరే ఉంటాయి. ఆవిడ బాధపడాలని అనడం లేదు, బాగుపడాలని అంటున్నాను.

ఊపిరి | జనవరి 25, రాత్రి 8.30

సూటిగా గారూ, మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. మోకాలి నొప్పితో వచ్చినవాళ్ళకి వ్యాయామాల కాగితం ఇచ్చి పంపిస్తాను. వారం తర్వాత వస్తారు. కాగితం మడత నలగకుండా ఇచ్చినట్టే ఉంటుంది. చేస్తున్నారా అంటే, ఆ చేస్తున్నానండీ అంటారు, చూపు పక్కకి తిప్పుకుని. మొదట్లో మందలించేదాన్ని. మందలింపు తిన్నవాళ్ళు మరుసటి వారం అసలు రావడమే మానేసేవాళ్ళు. నొప్పి పెరిగి, నడవలేని స్థితిలో ఆరు నెలలకి కనిపించేవాళ్ళు. సిగ్గు మనిషిని పనిచేయించదు, దాక్కునేలా చేస్తుంది. ఆవిడ క్యాలెండర్ తిప్పి పెట్టారు చూడండి, అది దాక్కోవడమే.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పరిశోధకులు 2012లో ఒక సంగతి చూపించారు. కష్టమైన పదాల పరీక్ష పెట్టి విద్యార్థుల్ని ఓడిపోయేలా చేశారు. కొందరితో, ఇలాంటిది ఎవరికైనా జరుగుతుంది, నిన్ను నువ్వు నిందించుకోకు అని చెప్పారు. రెండో పరీక్షకి ఎక్కువసేపు చదివింది వాళ్ళే. దయగా ఉంటే బద్ధకం వస్తుందన్న నా భయం అప్పుడే పోయింది.

ఇప్పుడు నేను అడిగేది ఒకటే. తప్పిన రోజు ఏం అడ్డొచ్చింది? ఒకావిడ, చేద్దామనే ఉంటుందమ్మా, ఎప్పుడు చెయ్యాలో తోచక పొద్దు గడిచిపోతుంది అంది. సరే, కాగితం ఇటివ్వండి అని తీసేసుకున్నాను. పొద్దున పళ్ళు తోముకున్నాక బ్రష్ పక్కన పెట్టి, వాష్‌బేసిన్ అంచు పట్టుకుని మడమలు పదిసార్లు పైకెత్తండి, ఇంకేమీ వద్దు అన్నాను. మూడు వారాలకి వచ్చినప్పుడు నేను అడగకముందే చెప్పింది, బ్రష్ పెట్టగానే మడమలు వాటంతటవే లేస్తున్నాయి అని. అప్పుడు రెండో వ్యాయామం కలిపాం.

దీనికి పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు పెట్టిన ఒక పద్ధతి ఉంది. ఫలానాది అవగానే, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను అని ముందే మాట అనుకోవడం. 2002లో బ్రిటన్‌లో 248 మంది విద్యార్థులతో దాన్ని పరీక్షించారు. వారంలో ఒక్కసారైనా 20 నిమిషాలు గట్టి వ్యాయామం చెయ్యాలి. ఏమీ చెప్పని గుంపులో 38 శాతం చేశారు. గుండెజబ్బు గురించి చదివించి ఉత్సాహపరిచిన గుంపులో 35 శాతం. అది చదివి, ఏ రోజు ఏ వేళకి ఎక్కడ చేస్తారో రాసిచ్చిన గుంపులో 91 శాతం. ఉత్సాహం చివరి రెండు గుంపులకీ సమానమే. తేడా తెచ్చింది ఆ రాసుకున్న ఒక్క వాక్యం.

సూటిగా | జనవరి 25, రాత్రి 9.10

91కీ 38కీ తేడా నేను అనుకున్నదానికన్నా పెద్దది. ఆలోచిస్తాను.

నిద్రలేనమ్మ | జనవరి 26, తెల్లవారుజామున 3.40

నాకు ఐదు నెలల పాప ఉంది. ఇప్పుడే పాలు తాగి పడుకుంది. మీరంతా చెప్పేది వింటే బాగుంది కానీ, అన్నిట్లోనూ ఒక మాట దాగి ఉంది: మీ పొద్దున మీ చేతిలో ఉంటుందని. నా పొద్దున నాది కాదు. పళ్ళు తోముకునే వేళ కూడా నాది కాదు. తప్పిన రోజులు లెక్కపెడితే చేసినవాటికన్నా అవే ఎక్కువ. ఆరోగ్యం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఇంకో అపరాధభావం చేతికిచ్చినట్టు ఉంటోంది.

మళ్ళీమొదలు | జనవరి 26, ఉదయం 6.15

మీరు రాసింది చదివి చాలాసేపు కూర్చున్నాను. మా బాబు అంత చిన్నగా ఉన్నప్పుడు నేనూ ఏ నియమమూ పెట్టుకోలేకపోయాను, అదీ నా వైఫల్యాల లెక్కలోనే వేసుకున్నాను. ఇప్పుడా లెక్క కొట్టేస్తున్నాను. మీరు ఇప్పుడు చేస్తున్నదే పెద్ద పని.

ఊపిరి | జనవరి 26, మధ్యాహ్నం 2.00

నిద్రలేనమ్మా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. గడియారానికి కట్టిన అలవాటు నీ దగ్గర నిలబడదు, నిలబడాలని ఆశించడం అన్యాయం. వేళకి కాకుండా సంఘటనకి కట్టు. పాపని పడుకోబెట్టి రెండు చేతులూ ఖాళీ అయిన మొదటి క్షణం, అది ఏ గంటకి వచ్చినా సరే. ఆ క్షణంలో భుజాలు వెనక్కి తిప్పి ఐదు నిండు శ్వాసలు. అంతకు మించి ఈ నెలలో ఏమీ పెట్టుకోకు. నిద్ర దొరికితే వ్యాయామం మానేసి నిద్రే పో. పెద్దవాళ్ళకి రోజుకి ఏడు గంటలైనా నిద్ర కావాలి, నీకు ముందు తీర్చాల్సిన బాకీ అది. ఇంట్లో ఇంకొకరు ఉంటే రోజుకి ఒక అరగంట పాప వాళ్ళదని గట్టిగా అడుగు. మొహమాటపడకు. పట్టుదల లేకపోవడం వేరు, చేతులు ఖాళీ లేకపోవడం వేరు.

అద్దంముందు | జనవరి 26, రాత్రి 9.45

నేను చదువు అయిపోయి ఉద్యోగాల ఇంటర్వ్యూలకి తిరుగుతున్నాను. ఆత్మవిశ్వాసం కోసం రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి, నేను సాధిస్తాను, నేను గొప్పవాణ్ణి అని ఇరవైసార్లు అనుకోమని ఒక వీడియోలో చూసి రెండు నెలలు చేశాను. అన్న ప్రతిసారీ లోపలినుంచి కాదు, కాదు అని వినిపిస్తోంది. ముందుకన్నా నీరసంగా ఉంది. నాలోనే ఏదో లోపం ఉందా అన్నా?

మెట్లదారి | జనవరి 26, రాత్రి 11.30

లేదు తమ్ముడూ. కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్ బృందం 2009లో సరిగ్గా దీన్నే పరీక్షించింది. తమ మీద తమకి ముందే మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళకి అలాంటి మాటలు కాస్త బాగున్నాయి. తమని తాము తక్కువగా చూసుకునేవాళ్ళు ఆ మాట అనుకున్నాక ఇంకా దిగాలుపడ్డారు. మనసు సాక్ష్యం అడుగుతుంది. సాక్ష్యం చూపించకుండా తీర్పు చదివితే ఒప్పుకోదు. నీలో కాదు అంటున్నది లోపం కాదు, అది నిజాయితీ.

మొదట ఆవిడ అడిగిన ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు చెబుతాను, ముందు అలవాటా ముందు ఆత్మవిశ్వాసమా అని. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, పాములంటే వణికిపోయే మనుషులతో పనిచేశాడు. భయం పోయాక పామును పట్టుకోండి అనలేదు. ముందు ఇంకొకరు పట్టుకోవడం చూడటం, తర్వాత దగ్గరికి రావడం, చేతి తొడుగులతో తాకడం, చివరికి ఒట్టి చేతులతో. మెట్టు మెట్టుకీ ధైర్యం కాస్త వెనకాల వచ్చింది, ముందు రాలేదు. 1977లో ఆయన దీన్ని ఒక సిద్ధాంతంగా రాశాడు. నేను చేయగలను అన్న నమ్మకం నాలుగు చోట్లనుంచి వస్తుంది: స్వయంగా చేసి చూసుకోవడం, మనలాంటి మనిషి చేయడం చూడటం, ఎవరైనా ధైర్యం చెప్పడం, ఒంట్లో దడ, అలసటలాంటివాటిని మనం అర్థం చేసుకునే తీరు. అన్నిట్లోకీ బలమైనది మొదటిది. అద్దం ముందు మాట మూడోదాని కిందికి వస్తుంది, అది కూడా మనకి మనమే చెప్పుకున్నది.

నా సంగతి చెబుతాను. నాకు ఒళ్ళు బాగా పెరిగి, నాలుగడుగులకే ఆయాసం వచ్చేది. మా ఆఫీసు ఐదో అంతస్తులో. ఒకరోజు లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, లోపల నలుగురు ఉన్నారు. వాళ్ళతో రెండో అంతస్తు దాకా ఎక్కి దిగిపోయి, మిగిలినవి మెట్లెక్కాలని అనుకుని, అదీ కష్టమేనని మార్చుకుని, నాలుగో అంతస్తులో దిగాను. ఒక్క అంతస్తు. ఇరవై రెండు మెట్లు. రెయిలింగ్ పట్టుకుని, మధ్యలో ఆగి, చేరాను. అది వ్యాయామం కిందికి వస్తుందా అంటే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలైనా ఒళ్ళు కదల్చమంటోంది, నా ఇరవై రెండు మెట్లు ఒక్క నిమిషం. కానీ ఆ రోజు సాయంత్రం నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది: అనుకున్నాను, చేశాను. నెలకి మూడో అంతస్తులో దిగాను. ఐదూ ఎక్కడానికి ఎనిమిది నెలలు పట్టింది. బరువు తగ్గడం ఆ తర్వాతి కథ. ముందు మారింది నేను నాతో మాట్లాడే తీరు.

తమ్ముడూ, రేపటినుంచి అద్దం మానెయ్. రోజూ ఒక ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు గట్టిగా బయటికి చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకో. ఒక్కటే. పదిహేను రోజుల తర్వాత మొదటిదీ చివరిదీ వెంటవెంటనే విను.

మౌనం | జనవరి 27, రాత్రి 1.20

అందరివీ చదివాను. నాకు రెండు నెలలుగా స్నానం చెయ్యడం కూడా కొండెక్కినట్టు ఉంటోంది. ఇంతకుముందు ఇష్టంగా చేసినవేవీ ఇష్టంగా లేవు. చిన్నగా మొదలుపెట్టమంటున్నారు. నాకు చిన్నవి కూడా పెద్దవిగానే ఉన్నాయి.

ఊపిరి | జనవరి 27, ఉదయం 6.05

మౌనం గారూ, మీరు రాసినందుకు సంతోషం. ఇది అలవాట్ల విషయం కాకపోవచ్చు. రెండు వారాలకి మించి రోజులో ఎక్కువసేపు ఇలా ఉంటే డాక్టరుకి చూపించుకోవాలి. డిప్రెషన్‌కి వైద్యం ఉంది, చాలామంది కోలుకుంటారు. థైరాయిడ్ లాంటివి కూడా ఇలా చేస్తాయి, అవి రక్తపరీక్షలో తెలుస్తాయి. మీ పట్టుదలని మీరు తిట్టుకోవద్దు. ఇంట్లోవాళ్ళకో, ఒక స్నేహితుడికో మీ గురించి మీరు రాసిన ఈ మూడు వాక్యాలూ ఉన్నవి ఉన్నట్టు చూపించి, అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఇవాళే, ఇప్పుడే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి. మీరు మళ్ళీ ఇక్కడ రాసేదాకా చూస్తూ ఉంటాను.

మళ్ళీమొదలు | ఫిబ్రవరి 9, రాత్రి 9.30

ఏం చేశానో చెబుతాను. జనవరి 26నే క్యాలెండర్ ఇటు తిప్పాను. 18 నుంచి 25 వరకు ఎనిమిది గళ్ళల్లో మాస్టారు చెప్పినట్టు ఒక్కో సన్న గీత కొట్టాను. జనవరి 18 గడిలో 'జ్వరం' అని రాశాను. 19లో 'శుభ్రంగా మొదలుపెడదాం' అని రాశాను.

మూడు నియమాలు ఒకటి చేశాను. ఫోన్, నిద్ర ప్రస్తుతానికి పక్కన పెట్టాను. ఆ ఒక్క నియమం ఇది: అలారం ఆపగానే షూస్ వేసుకుని గేటు దాటతాను. 45 నిమిషాలు అనే మాట ఎత్తలేదు. గేటు దాటి వెనక్కి వచ్చేసినా టిక్కే. ఇప్పటికి పదిహేను రోజుల్లో పన్నెండు టిక్కులు. వాటిలో రెండు నిజంగానే గేటు దాకా వెళ్ళి వచ్చేసినవి. మిగిలిన రోజుల్లో బయటికి వచ్చాక వెనక్కి రాబుద్ధి కాలేదు, అరగంట పైనే నడిచాను.

మూడు తప్పాయి. మొదటిసారి తప్పిన మరుసటి పొద్దున మళ్ళీ అదే మాట వినిపించింది, ఎలాగూ తెగింది కదా అని. ఈసారి గుర్తుపట్టాను. గొంతు తెలిసినదే కాబట్టి అంత నిజంగా అనిపించలేదు. రెండో షూ కూడా వేసుకున్నాను.

అనుకోకుండా ఒకటి జరిగింది. పొద్దున్నే నడిచిన రోజు రాత్రి పదకొండుకే కళ్ళు మూతలుపడుతున్నాయి. నిద్ర కోసం నేను వేరే ఏమీ చెయ్యలేదు.

పాతలెక్కలు | ఫిబ్రవరి 10, ఉదయం 7.00

పదిహేనుకి పన్నెండు అంటే 80 శాతం. నా తరగతిలో అయితే ఫస్ట్ క్లాసు. ఆ 19వ తేదీ గడిలో రాసినది చెరపకు.

సూటిగా | ఫిబ్రవరి 10, రాత్రి 10.15

ఆ రోజు కాస్త కటువుగా రాశాను. ఒక సంగతి చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నేను సిగరెట్లు మానేసి ఆరేళ్ళు. నన్ను నేను తిట్టుకుని మానేశానని నమ్ముతూ వచ్చాను. మీరంతా రాసినవి చదివాక వెనక్కి వెళ్ళి ఆలోచించాను. తిట్టుకుని మానేసింది ఐదుసార్లు. ఐదుసార్లూ ఒక్కటి కాల్చాక, ఛీ నా బతుకింతే అనుకుని ప్యాకెట్టు కొన్నాను. ఆరోసారి కూడా జారాను, ఒక చావింట్లో ఒక్కటి కాల్చాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. సరే, పొద్దున లేచాక ఏం చేస్తావ్ అంది, అంతే. పొద్దున లేచాక కాల్చలేదు. ఇప్పటిదాకా కాల్చలేదు. నిలబెట్టింది నా తిట్లు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె అడిగిన ఆ ప్రశ్న అని ఇవాళ తెలిసింది. ఆమెకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

నిద్రలేనమ్మ | ఫిబ్రవరి 11, తెల్లవారుజామున 4.20

సూటిగా గారూ, పాపని ఎత్తుకుని ఇది రెండుసార్లు చదివాను. ఐదు శ్వాసలు నడుస్తున్నాయి. రోజుకి ఒక్కసారైనా. మా ఆయన సాయంత్రం అరగంట పాపని తీసుకుంటున్నారు. ఆ అరగంటలో నేను ఏమీ చెయ్యడం లేదు, పడుకుంటున్నాను.

ఊపిరి | ఫిబ్రవరి 11, ఉదయం 8.10

అదే చెయ్యమ్మా.

అద్దంముందు | మార్చి 2, రాత్రి 8.50

మొదటి రికార్డింగ్‌లో ఒక నిమిషంలో పదకొండుసార్లు 'అంటే' అన్నాను. పదిహేనోదాంట్లో మూడు. మొన్న ఇంటర్వ్యూలో గుండె దడదడలాడింది. మామూలుగా అయితే దడ మొదలవగానే అయిపోయింది అనుకునేవాణ్ణి. బండూరా చెప్పిన నాలుగోది గుర్తొచ్చింది. రికార్డు చేసేటప్పుడూ ఇలాగే కొట్టుకునేది కదా, అయినా జవాబు చెప్పాను కదా అనుకున్నాను. ఉద్యోగం రాలేదు. కానీ ఇంటికి వచ్చి ఆ రోజు ప్రశ్న కూడా రికార్డు చేశాను అన్నా. ఇంతకుముందు అయితే వారం రోజులు గదిలోంచి బయటికి వచ్చేవాణ్ణి కాదు.

మెట్లదారి | మార్చి 2, రాత్రి 10.00

ఈ చివరి రెండు వాక్యాలు కాగితం మీద రాసి దాచుకో తమ్ముడూ. నీ సాక్ష్యం అది.

మళ్ళీమొదలు | ఏప్రిల్ 6, ఉదయం 7.25

ఆఫీసు పనిమీద ఐదు రోజులు వేరే ఊరు వెళ్ళాను. షూస్ పెట్టెలో పెట్టుకున్నాను, ఒక్కరోజు కూడా తీయలేదు. పొద్దున్నే మీటింగులు, రాత్రి పొద్దుపోయేదాకా పని. నిన్న రాత్రి పదకొండుకి ఇల్లు చేరాను. ఇవాళ అలారం మోగింది, ఆపాను. ఆ తర్వాత నాకు గుర్తున్నది వీధి మలుపు. అక్కడిదాకా వచ్చాక తెలిసింది, ఇవాళ వెళ్ళాలా వద్దా అని నన్ను నేను అడగనే లేదని. లేసులు ఎప్పుడు కట్టుకున్నానో కూడా తెలియదు. కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ ఐదు రోజుల ప్రయాణం ఎందుకో చెప్పనేలేదు. జనవరిలో వద్దన్న మాట మార్చుకుని ఫిబ్రవరి చివర్లో మేనేజర్ దగ్గరికి నేనే వెళ్ళి అడిగాను. అక్కడ నలభై మంది ముందు ఇరవై నిమిషాలు మాట్లాడాను. మొదటి రెండు నిమిషాలు చేతిలో కాగితం వణుకుతూనే ఉంది. కాగితం బల్ల మీద పెట్టేసి మాట్లాడాను.

క్యాలెండర్లో ఐదు గీతలు కొట్టాలి. ఎర్ర పెన్ను అయిపోయింది, నీలం పెన్నుతో కొడుతున్నాను.

మౌనం | ఏప్రిల్ 6, సాయంత్రం 5.40

ఊపిరి గారూ, చూస్తూ ఉంటానన్నారు. ఫిబ్రవరిలో మా అన్నయ్యకి మీరు చెప్పినట్టే ఆ మూడు వాక్యాలూ చూపించాను. తనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మందులు వేసుకుంటున్నాను, వారానికోసారి కౌన్సెలింగ్‌కి వెళ్తున్నాను. అన్ని రోజులూ ఒకలా లేవు. ఇవాళ స్నానం చేసి, గేటు దాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీమొదలు గారి నియమం ప్రకారం ఇది టిక్కేనా?

మళ్ళీమొదలు | ఏప్రిల్ 6, సాయంత్రం 5.52

టిక్కే.